ల్యాబ్రడార్ కుక్కకి రెండు నెలలుగా మోషన్లు: ఇంకో మందు వేసే ముందు

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీది విజయవాడ. మూడేళ్ల మగ ల్యాబ్రడార్ (ల్యాబ్) కుక్క, పేరు బ్రూనో. రెండు నెలలుగా మోషన్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతున్నాయి. రోజుకి ఐదారుసార్లు హడావుడిగా బయటికి పరిగెడుతున్నాడు, ప్రతిసారీ కొంచెమే వేస్తున్నాడు, చివర్లో జిగురు, అప్పుడప్పుడు రెండు చుక్కల ఎర్రటి రక్తం. వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుజామున పసుపుపచ్చ నురగ కక్కుతున్నాడు. 32 కిలోలు ఉండేవాడు 29కి వచ్చాడు. ఈలోగా మూడు రకాల ప్యాకెట్ ఫుడ్ మార్చారు, మెడికల్ షాపులో అడిగి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రెండు కోర్సులు వేశారు, మూడు వారాలుగా పూటకి మూడు వందల గ్రాముల చొప్పున రెండు పూటలా పెరుగన్నం పెడుతున్నారు. ఏ మందు వాడాలి, ఏ ఫుడ్ మంచిది అని అడిగారు.

పెంపుడు కుక్కల వైద్యం చేస్తూ చాలా ఏళ్లయింది నాకు. ఇలాంటి కేసుల్లో అసలు జబ్బు కంటే దాని మీద మనం పేర్చిన మార్పులే ఎక్కువ చిక్కు తెస్తాయి. మూడు ఫుడ్‌లు, రెండు కోర్సుల యాంటీబయాటిక్, ఆ పైన పెరుగన్నం. ఇప్పుడు వాడికి అవుతున్న మోషన్లలో మొదట వచ్చిన జబ్బు వాటా ఎంతో, ఈ మార్పుల వాటా ఎంతో ఏ డాక్టరూ చూడగానే చెప్పలేడు. అందుకని ఒక వారం కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. చూడండి, రాసుకోండి, పరీక్షలు చేయించండి. ఆ తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే.

చూడటం అంటే మోషన్ చూడటమే. చాలామంది ముఖం తిప్పుకుని కవర్లో ఎత్తేస్తారు. రెండు వందల టెస్టులు రాయగల డాక్టరు కూడా మొదట అడిగేది దీని గురించే. పేగుల్లో ఎక్కడ తేడా ఉందో మోషన్ సగం చెప్పేస్తుంది. చిన్నపేగులో గొడవ ఉంటే వేసే పరిమాణం ఎక్కువగా ఉంటుంది, పలచగా, ఒక్కోసారి బాగా కంపు. కానీ రోజుకి మామూలుగా వెళ్లే దానికంటే ఒకటి రెండుసార్లే ఎక్కువ వెళ్తుంది, ముక్కదు, ఆపుకోగలదు. ఆ కుక్క బరువు తగ్గుతుంది, ఎందుకంటే తిన్నది ఒంటికి పట్టేది చిన్నపేగులోనే. రక్తం ఉంటే అరిగిపోయి నల్లగా తారులా కనిపిస్తుంది. పెద్దపేగులో గొడవ అయితే వేరే కథ. వేసేది ఇంతే, వెళ్లడం మాత్రం పదిసార్లు. వేశాక కూడా వంగే ఉండి ముక్కుతుంది. పైన తెల్లటి జిగురు, తాజా ఎర్రటి రక్తం. ఇంట్లోనే గుమ్మం దగ్గర అయిపోతుంది, పాపం ఆపుకోలేదు. ఇంత జరుగుతున్నా చాలా కుక్కలు హుషారుగా ఉంటాయి, తింటాయి, బరువు పెద్దగా తగ్గవు.

ఉదయం మొదటి మోషన్‌ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన ఏదైనా నాణెం పెడితే సైజు తెలుస్తుంది. తెల్ల టిష్యూ పేపర్ ఒకటి దాని మీద అద్ది చూడండి. నల్లగా కనిపించిన మోషన్ తడి పేపర్ మీద ఎర్రగోధుమ రంగు మరక వదిలితే అది రక్తమయ్యే అవకాశం ఎక్కువ, ఐరన్ టానిక్ తాగినందువల్ల వచ్చిన నలుపు అలా మరక వదలదు. బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయా, గడ్డి ఉందా, ప్లాస్టిక్ ముక్కలున్నాయా చూడండి. బియ్యపు గింజల్లా కదిలేవి బద్దెపురుగు ముక్కలు. అవి ఎక్కువగా ఒంటి మీద దూకే ఫ్లీస్‌ని కొరికి మింగినందువల్ల వస్తాయి, కాబట్టి ఫ్లీస్ వదిలించకుండా పురుగుల మాత్ర ఎన్నిసార్లు వేసినా మళ్లీ వస్తాయి.

మీరు రాసిన వివరాలన్నీ పెద్దపేగు వైపే చూపిస్తున్నాయి, ఒక్క బరువు తప్ప. మూడు కిలోలు తగ్గడం పెద్దపేగు లెక్కలో ఇమడదు. అయితే అది జబ్బువల్లే అని అప్పుడే అనుకోనక్కర్లేదు. లెక్క వేసి చూద్దాం. ముప్ఫై కిలోల పెద్ద కుక్కకి, పెద్దగా పరుగులు లేని ఇంటి జీవితంలో, రోజుకి సుమారు 1400 కేలరీలు కావాలి. ఆరు వందల గ్రాముల పెరుగన్నంలో ఆరేడు వందల కేలరీలు దాటవు. ప్రోటీన్ అయితే వాడికి కావలసిన దాంట్లో సగం కూడా రాదు. అంటే మూడు వారాలుగా వాడు సగం ఆకలితో ఉన్నాడు. అలాంటప్పుడు బరువు తగ్గకపోతేనే ఆశ్చర్యపడాలి. సరిపడా తిండి పెట్టి పదిహేను రోజుల్లో తూకం వేస్తే సంగతి తేలుతుంది. సరిపడా తింటూ కూడా తగ్గుతూనే ఉంటే అప్పుడు చిన్నపేగు కూడా పాడైందని అనుమానించాలి.

పెరుగు చలవ, కడుపుకి మంచిది అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. మనుషుల సంగతి పక్కన పెట్టండి. కుక్కల్లో తిండి పడకపోవడానికి కారణమైన పదార్థాల్లో ఎక్కువగా కనిపించేవి బీఫ్, పాలు పాల పదార్థాలు, చికెన్, గోధుమ. పడకపోవడం పాల ప్రోటీన్‌కే అయితే పెరుగు పెట్టి తగ్గిద్దామనుకోవడం మంట మీద నెయ్యి పోయడమే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి రెండు చెంచాల పెరుగు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. మోషన్లు తగ్గని కుక్కకి అదే ఆహారంగా మార్చడానికే అభ్యంతరం.

మెట్రోనిడజోల్ సంగతి. వేసినప్పుడు రెండు రోజుల్లో తగ్గింది, ఆపగానే మళ్లీ వచ్చింది అన్నారు. అది మామూలే. ఆ మందుకి పేగుల్లో వాపుని కాస్త అణిచే గుణం ఉంది, అందుకని తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా అది ఊడ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి రెండు వారాలు ఇచ్చి పరిశీలించినప్పుడు, ఆపిన నాలుగు వారాలకి కూడా కొన్నిటి పేగుల్లో బ్యాక్టీరియా మునుపటి స్థితికి రాలేదు. 2024లో యూరప్ పశువైద్య నిపుణుల బృందం ఒకటి కుక్కల్లో హఠాత్తుగా వచ్చే విరేచనాలకి మార్గదర్శకాలు ఇచ్చింది. జ్వరం, నీరసం లేకుండా మామూలుగా తిరుగుతున్న కుక్కకి, మోషన్లో రక్తం కనిపించినా సరే, యాంటీబయాటిక్ వద్దనే అందులో చెప్పారు. ఇక డోసు ఎక్కువైతే ఈ మందువల్ల కుక్క తూలుతుంది, కళ్లు పక్కలకి ఊగుతాయి. మెడికల్ షాపులో కుక్క బరువు అడిగి లెక్క కట్టి ఇస్తారని నేననుకోను. మూడో కోర్సు మాత్రం వేయకండి.

ఇప్పుడు చేయించాల్సినవి. మూడు వారాలు దాటిన ఏ విరేచనమైనా దీర్ఘకాలిక సమస్య కిందే లెక్క, ఇంటి చిట్కాలు దాటి వెళ్లాల్సిన సమయం అది. మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. మొదటగా మోషన్ పరీక్ష. ఒక్కరోజు శాంపిల్ సరిపోదు, మూడు రోజులవి పట్టుకెళ్తే మంచిది. జియార్డియా అనే సూక్ష్మజీవి, పెద్దపేగులో ఉండే కొరడా పురుగు రెండూ రోజూ బయటపడవు. ఒక రోజు నెగెటివ్ వచ్చిందని లేవని అనుకోకూడదు. మట్టి అంటకుండా పైభాగం నుంచి నిమ్మకాయంత తీసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి, పైన తేదీ రాయండి. రెండు గంటల్లో పరీక్షలు చేసే ల్యాబ్‌కి చేరితే సరే, లేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో, రెండు కవర్లు చుట్టి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఇంట్లో అమ్మగారికి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే అదో గొడవ.

పరీక్షలో ఏమీ కనపడకపోయినా నేనైతే ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు ఒక కోర్సు వేయిస్తాను. కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకి ఒకసారి, మూడు రోజుల నుంచి ఐదు రోజులు. ఒక్క రోజు వేసి వదిలేసే మాత్రలకి కొరడా పురుగులు తేలిగ్గా లొంగవు. కచ్చితమైన డోసు తూకం వేశాక డాక్టరు చెప్తారు. వేస్తున్న రోజుల్లో వాడి వెనక భాగం, తోక కింద బొచ్చు షాంపూతో కడగండి. జియార్డియా అక్కడే అంటుకుని ఉండి, నాకినప్పుడు మళ్లీ లోపలికి పోతుంది.

రక్త పరీక్షల్లో పూర్తి రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ, ఆల్బుమిన్, సోడియం పొటాషియం అడగండి. ఇందులో నేను మొదట చూసేది ఆల్బుమిన్, అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. అది బాగా తగ్గిందంటే పేగుల్లోంచి ప్రోటీన్ కారిపోతోందని అర్థం. అప్పుడు తిండి మార్చి చూసే ఫుడ్ ట్రయల్ అంటూ వారాలు కూర్చోకూడదు. కాళ్లకి నీరు పట్టడం, పొట్ట వేలాడటం లాంటివి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. వీలుంటే బి12 కూడా చూపించండి. చిన్నపేగు చివరి భాగం పాడైతే అది పడిపోతుంది, అది ఎక్కించకపోతే మిగతా వైద్యం కూడా సరిగ్గా పనిచేయదు.

రక్త పరీక్ష ఎందుకు, ఇది కడుపు జబ్బే కదా అని చాలామంది అడుగుతారు. వాంతి, మోషన్ ఉన్నంతమాత్రాన జబ్బు కడుపులోనే ఉండనక్కర్లేదు. మన దగ్గర పిడుదుల జ్వరం చాలా ఎక్కువ. తిండి మానేసి, నీరసంగా, నల్లటి మోషన్లతో వచ్చే కుక్కకి ప్లేట్‌లెట్లు చూస్తే పడిపోయి ఉంటాయి. వాన నీళ్లలో తిరిగిన కుక్కకి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకి కిడ్నీ దెబ్బతింటే మొదట కనిపించేది వాంతులే. ఆపరేషన్ చేయించని ఆడకుక్క హీట్ (ఎద) అయిన నెలా రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగుతూ వాంతులు చేసుకుంటుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి, అది అర్జెంటు ఆపరేషన్. అడిసన్స్ అనే హార్మోన్ జబ్బు ఇంకా టక్కరిది. నెలకోసారి వాంతి మోషన్లు, సెలైన్ ఎక్కించగానే బాగైపోవడం, మళ్లీ రావడం. యజమానికి కడుపు సున్నితమనే నమ్మకం కుదిరిపోతుంది. కార్టిసాల్ అనే హార్మోన్‌కి ఒక్క రక్త పరీక్ష చేసి, విలువ డెసిలీటరుకి 2 మైక్రోగ్రాములు దాటి ఉంటే ఆ జబ్బు దాదాపు లేనట్టే. బ్రూనోది తగ్గుతూ వస్తూ ఉంది కాబట్టి ఇది కూడా చేయించమంటాను.

జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లకి ఒక మాట. బకెట్లతో తింటుంది, ఎముకలు బయటపడుతున్నాయి, లేత రంగులో జిడ్డుగా కుప్పలు కుప్పలు వేస్తోంది, వేసింది తానే తింటోంది అంటే పాంక్రియాస్ ఎంజైములు తయారవడం లేదని అనుమానించాలి. టీఎల్ఐ అనే రక్త పరీక్షతో తేలుతుంది. ఎంజైముల పొడి తిండిలో కలిపి జీవితాంతం ఇవ్వాలి, ఇస్తే చక్కగా బతుకుతుంది. ఇలాంటి కుక్కలని తిండిపోతులని తిట్టి తిండి తగ్గించిన ఇళ్లు ఉన్నాయి.

ఇక తిండి. పరీక్షల్లో ప్రమాదకరమైనది ఏదీ లేకపోతే మందు కంటే ముందు చేయాల్సింది ఫుడ్ ట్రయల్. దీర్ఘకాలిక పేగు సమస్య ఉన్న కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే బాగుపడతాయి, అది కూడా ఎక్కువగా రెండు వారాల్లోపే తెలిసిపోతుంది. కానీ ట్రయల్ అంటే ఏమిటో తెలియక చాలామంది చెడగొట్టుకుంటారు. ఒక బ్రాండ్ నుంచి ఇంకో బ్రాండ్‌కి మారడం ట్రయల్ కాదు. మీరు మార్చిన మూడు ప్యాకెట్ల వెనక ఉన్న లిస్టు చదవండి, మూడింట్లోనూ చికెన్ ఉంటుందని పందెం కాస్తాను. వాడు ఇప్పటిదాకా తినని ప్రోటీన్ కావాలి, లేదా ప్రోటీన్‌ని సన్నటి ముక్కలుగా విడగొట్టిన హైడ్రలైజ్డ్ ఫుడ్ కావాలి. రెండోది డాక్టరు రాసిస్తే దొరుకుతుంది, ఖరీదు గట్టిగానే ఉంటుంది, కానీ తలనొప్పి తక్కువ.

ఖర్చు కుదరకపోతే ఇంట్లోనే చేయొచ్చు. చేప ఎప్పుడూ పెట్టలేదన్నారు కాబట్టి చేపతో వెళ్దాం. పెద్ద చేప ముక్కలు, ముళ్లు పూర్తిగా తీసి, ఉప్పు, పసుపు, నూనె ఏమీ లేకుండా ఉడికించింది అర కిలో. మెత్తగా వండిన అన్నం ఆరేడు వందల గ్రాములు. ఇది రోజు మొత్తానికి, అటూ ఇటూగా పధ్నాలుగు వందల కేలరీలు. దీన్ని నాలుగు భాగాలు చేసి పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, ఆఖరిది రాత్రి పడుకునే ముందు పెట్టండి. పెరుగన్నం నుంచి దీనికి నాలుగైదు రోజుల్లో మెల్లగా మార్చండి. రెండు మూడు వారాలకి మాత్రమే ఈ భోజనం, అంతకు మించి ఇదే కొనసాగిస్తే కాల్షియం, జింక్, విటమిన్లు చాలవు. బాగుపడితే తర్వాత పూర్తి పోషకాలున్న ఫుడ్ ఏదన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఈ మూడు వారాలు ఇంట్లో అందరూ కట్టుబడి ఉండాలి. టీలో ముంచిన బిస్కెట్ ఒక్కటి పెడితే ఏమవుతుంది అనే తాతగారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ ఒక్క బిస్కెట్లో గోధుమ ఉంది, పాలు ఉన్నాయి, ట్రయల్ అక్కడితో పోయినట్టే. నమలడానికి ఇచ్చే తోలు ఎముకలు, చికెన్ ఫ్లేవర్ ఉన్న కాల్షియం బిళ్లలు, మాంసం వాసన వేసిన పిడుదుల మాత్రలు కూడా లెక్కలోకి వస్తాయి. పిడుదుల మందు వేసే తేదీ మధ్యలో పడితే పైన వేసే చుక్కల మందు అడగండి. ల్యాబ్‌లకి తిండి యావ జన్మతో వచ్చింది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆకలి తీరిన సంగతి మెదడుకి చెప్పే జన్యువులో లోపాన్ని దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో కనుక్కున్నారు. కాబట్టి వాడు జాలిగా చూస్తున్నాడని కరిగిపోకండి, వీధిలో పారేసినవి ఎత్తుకు తినకుండా లీష్ మీదే తిప్పండి.

తెల్లవారుజాము పసర వాంతి గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నారు, నాకు అన్నిటికంటే తక్కువ భయం దాని గురించే. రాత్రి ఏడుకి తిని పొద్దున్న ఎనిమిది దాకా ఖాళీ కడుపుతో ఉంటే పైత్యరసం పొట్టలోకి ఎగదన్ని అలా కక్కుతాయి. పడుకునే ముందు కొంచెం పెడితే చాలా కుక్కల్లో వారంలో ఆగిపోతుంది. ఆగకపోతే డాక్టరుకి చెప్పండి. అలాగే కక్కడంలో కూడా తేడా గమనించండి. పొట్ట ఎగరేసి, చొంగ కార్చి, కష్టపడి కక్కితే అది వాంతి. ఏ ప్రయత్నం లేకుండా తల వంచగానే తిన్నది తిన్నట్టు గొట్టం ఆకారంలో జారిపడితే అది అన్నవాహికలో సమస్య, దానికి వైద్యం పూర్తిగా వేరు. ఒక వీడియో తీసుకుని చూపిస్తే డాక్టరుకి పది ప్రశ్నలు తప్పుతాయి.

ట్రయల్‌తో సగం బాగుపడి జిగురు మిగిలితే అప్పుడు పీచు కలుపుదాం. ఇసబ్‌గోల్ ఒక టీ చెంచా నీళ్లలో నానబెట్టి తిండిలో, లేదా ఉడికించిన తియ్య గుమ్మడికాయ రెండు మూడు చెంచాలు. పెద్దపేగు సమస్యలకి ఇది బాగా పనిచేస్తుంది. ఇప్పుడే రెండూ కలిపి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో తెలియదు. ప్రోబయాటిక్ పొడులు కొందరికి ఒకట్రెండు రోజులు ముందుగా తగ్గిస్తాయి, హాని చేయవు, వాటి మీద ఆశలు మాత్రం పెట్టుకోకండి. స్టెరాయిడ్ గురించి గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా ఒక ఇంజక్షన్ వేస్తే తగ్గిపోతుందంటే వేయించకండి. తగ్గుతుంది నిజమే. పేగుల్లో లింఫోమా లాంటి క్యాన్సర్ ఉంటే అది కూడా కొన్నాళ్లు తగ్గినట్టు నటిస్తుంది, తర్వాత చేసే స్కాన్, బయాప్సీలో దొరక్కపోవచ్చు. అడిసన్స్ పరీక్ష కూడా తప్పుదోవ పడుతుంది. స్టెరాయిడ్ అవసరమయ్యే కుక్కలున్నాయి, అవి తిండి మార్పు, స్కాన్, వీలైతే ఎండోస్కోపీ అయిన తర్వాతి మెట్టు మీదుంటాయి.

ఇప్పటిదాకా చెప్పింది నిదానంగా చూసుకోదగ్గ సమస్య గురించి. ఆగకూడనివి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే వేగంగా ప్రాణం తీసేది కడుపు మెలిపడటం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో ఎక్కువ. భోంచేసిన కొన్ని గంటలకి కుక్క స్థిమితంగా కూర్చోదు, మాటిమాటికీ వాంతికి ప్రయత్నిస్తుంది కానీ తీగలాంటి చొంగ తప్ప ఏమీ రాదు, పొట్ట బిగిసి డప్పులా ఉబ్బుతుంది. గ్యాస్ అనుకుని ఈనో తాగించి తెల్లారేదాకా చూద్దామనుకుంటే తెల్లారేసరికి కుక్క ఉండదు. ఎంత రాత్రయినా ఎక్స్‌రే, ఆపరేషన్ ఉన్నచోటికి బండెక్కించాలి, బయల్దేరే ముందు ఫోన్ చేయాలి. ఇలాంటి జాతులకి ఒకే పూట పెద్ద గిన్నెతో పెట్టే అలవాటు మానండి, తిన్న వెంటనే పరుగులు పెట్టించకండి.

కుక్కపిల్లల్లో పార్వో వైరస్ జబ్బు. ఒక డోసు టీకా పడిందండీ అని ధైర్యంగా చెప్తారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ చిన్న వయసులో వేసిన టీకాని పనిచేయనివ్వదు, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో పదహారు వారాలు దాటేదాకా వేస్తారు. ఆఖరి డోసు ఎగ్గొడితే మొదటివన్నీ వేసినా హామీ లేదు. తిండి మానేసి, వాంతులు మొదలై, కుళ్లిన వాసనతో రక్తపు మోషన్లు అవుతున్న పిల్లకి ఇంట్లో గంటలు వృథా చేయకండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి చావదు. కడిగిన నేల మీద ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచాలి. ఆ ఇంటికి కొత్త పిల్లని తేవాలంటే టీకాలన్నీ పూర్తయినదాన్నే తేవాలి.

మింగినవి. ఎండాకాలం మామిడి టెంక, వానాకాలం తినేసిన మొక్కజొన్న కండె, ఆదివారం బిర్యానీ ఎముకలు, సంక్రాంతికి గాలిపటాల దారం. టెంక, కండె రెండూ పేగులో సరిగ్గా ఇరుక్కునే సైజువి, ఎక్స్‌రేలో స్పష్టంగా కనపడకపోవచ్చు కూడా. అందుకని ఏం తిన్నదో మీకు అనుమానం ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, రెండు రోజులుగా మోషన్ రాకపోవడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం దీని గుర్తులు. దారం చివర నోట్లోంచో, వెనకనుంచో కనిపిస్తే లాగకండి, లోపల పేగుని కోసేస్తుంది.

పండగ మర్నాడు వచ్చే కుక్కలు వేరే రకం. మాంసం కొవ్వు, గారెలు, నూనె ముక్కలు తిన్న తర్వాత పాంక్రియాస్ వాచి ముందు కాళ్లు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తి నిలబడతాయి. ఆడుకోవడానికి పిలుస్తోందని అనుకుంటారు, అది నొప్పి. వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి ఎర్రకణాలని చితగ్గొడతాయి, ద్రాక్ష, ఎండు ద్రాక్ష కిడ్నీలకి ప్రమాదం. మనవాళ్లకి తెలియాల్సింది ఇంకోటి ఉంది. ద్రాక్షలో హాని చేసేది టార్టారిక్ యాసిడ్ అని ఇప్పుడు బలంగా అనుమానిస్తున్నారు, చింతపండు తిన్న కుక్కలకి కూడా కిడ్నీ దెబ్బతిన్న కేసులు 2022లో పశువైద్య పత్రికలో వచ్చాయి. పులిహోర, పులుసు అన్నం మిగిలితే గిన్నెలో వేసే అలవాటు మానేయండి. మనుషుల నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒక్కటి కూడా వేయొద్దు, పొట్టలో పుండ్లు పడి రక్తం కక్కుతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఒంట్లో నీరు ఎంతుందో చూసుకోవడం నేర్చుకోండి. పై పెదవి ఎత్తి కోరపన్ను పైన చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగురు తడిగా జారేలా ఉండాలి, వేలికి బంకలా అంటుకుంటే నీరు తగ్గినట్టు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఓసారి చూసి పెట్టుకోండి, మీ కుక్క చిగురు అసలు రంగు తెలుస్తుంది. కొన్నిటికి నల్ల మచ్చలుంటాయి, అప్పుడు గులాబీ రంగున్న చోటే నొక్కాలి. చిగురు పాలిపోయి తెల్లగా ఉంటే కొంకి పురుగులైనా, పిడుదుల జ్వరమైనా, లోపల రక్తస్రావమైనా, ఏదైనా సరే ఆ రోజే వెళ్లాలి.

ఒక్కరోజు మోషన్లైన హుషారైన పెద్ద కుక్కని ఇరవై నాలుగు గంటలు పస్తు పెట్టమనేవాళ్లు పూర్వం. ఇప్పుడు అలా చెప్పడం లేదు. వాంతులు లేకపోతే కొంచెం కొంచెంగా తేలికైన తిండి పెట్టడమే మంచిది, పేగు గోడకి కావలసిన పోషణ లోపలి నుంచే అందాలి. తోలు తీసిన చికెన్ ఉడికించి మెత్తటి అన్నంతో, మామూలు పరిమాణంలో సగం నాలుగైదుసార్లుగా. రెండు రోజులకి తగ్గకపోతే చూపించండి.

బ్రూనోకి వచ్చే వారం చేయాల్సింది ఇది. రేపటి నుంచి మోషన్ ఎన్నిసార్లు, ఎలా ఉంది, ఏం తిన్నాడు, కక్కాడా అన్నది ఒక నోట్‌బుక్‌లో. మూడు రోజుల శాంపిళ్లు. సోమవారం గన్నవరంలో తూకం, రక్త పరీక్ష. మెట్రోనిడజోల్ ఆఖరి మాత్ర ఎప్పుడు వేశారో ఆ తేదీ డాక్టరుకి చెప్పండి. ఈలోగా ఇప్పుడు పెడుతున్న పెరుగన్నంలో రోజుకి రెండు మూడు ఉడికించిన గుడ్లు, ఇంకో మూడు నాలుగు వందల గ్రాముల అన్నం కలపండి. కొత్తది వద్దన్నది నేనే, కానీ వాడు అర్ధాకలితో వారం ఆగడం కుదరదు, గుడ్డు ఇంతకుముందు తినేవాడేనని రాశారు కాబట్టి పర్లేదు. రిపోర్టులు వచ్చాక ఆల్బుమిన్, కార్టిసాల్ విలువలు ఇక్కడే పెట్టండి, చేపతో మొదలుపెట్టాలా ముందు స్కాన్ తీయించాలా అన్నది వాటిని బట్టి చెప్తాను.